ఇరవయ్యో తేదీ, పదకొండూ పదికి

మంగళవారం సాయంత్రం నాలుగూ యాభైకి, కోర్టు కౌంటరు మూసేయడానికి సరిగ్గా పది నిమిషాల ముందు, వాళ్లు ఆ కాగితాలు దాఖలు చేశారు. నిజంగా ఆలస్యమైనవాడు పరుగెత్తుకొస్తాడు, ఆయాసపడతాడు, క్షమించమంటాడు. వీళ్ల గుమాస్తా మాత్రం నింపాదిగా వచ్చి, నాలుగు ప్రతుల మీదా ముద్ర వేయించుకుని, కౌంటరు మీది కలంతో తన డైరీలో ఏదో రాసుకుని మరీ వెళ్లాడట. మా వకీలమ్మ ఆ సంగతి చెబుతున్నప్పుడే నాకు ఒళ్లు మండిపోయింది.

విషయం పెద్ద చిక్కుదేమీ కాదు. ఒక పెద్ద మందుల కంపెనీ మూర్ఛ జబ్బుకు వాడే మాత్రకు తడి పట్టకుండా కాపాడే పూత కనిపెట్టామని పేటెంటు తీసుకుంది. మా బావ పనిచేసే చిన్న ఫ్యాక్టరీ కూడా అలాంటి మాత్రే తయారుచేస్తోంది. ఆపించండి అని కంపెనీ దావా వేసింది. ఆ పూత కొత్తది కాదు, ఇరవై ఏళ్ల కిందటి ఒక పత్రికలో దాని తయారీ విధానం అచ్చయి ఉంది, దాని ప్రకారం నేనే చేసి చూశాను, ఇరవై ఎనిమిది రోజులు తేమలో ఉంచినా మాత్రలు ఉబ్బలేదు, ఎప్పుడు చేసినా ఇదే ఫలితం అని మా బావ ప్రమాణం చేసి రాసిచ్చాడు. అది వాళ్లకు పోయిన నెల మూడో తేదీన అందింది. దానికి జవాబుగా వాళ్లు ఇచ్చుకునే సాక్ష్యాన్నే రిప్లై ఎవిడెన్స్ అంటారు. అందుకు కోర్టు పెట్టిన గడువు ఇరవై నాలుగు.

ఇరవై నాలుగు వెళ్లింది. నెల మారింది. ఈ నెల పన్నెండు వచ్చింది. గడువు పెంచమని అడిగిన పాపాన పోలేదు. పదిహేనో తేదీ శుక్రవారం పదిన్నరకు విచారణ ఉందనగా అరవై పేజీల కొత్త పరీక్ష తెచ్చి మా మొహాన కొట్టారు. మీ సాక్షి చెప్పిన విధానంతోనే మేమూ చేయించాం, రెండో వారానికే మాత్రలు ఉబ్బిపోయాయి, ఆయన చెప్పింది జరగడానికి వీల్లేదు అని అందులో ఉంది. చక్కటి భాషలో మా బావను అబద్ధాలకోరు అన్నారు. ఆలస్యం ఎందుకయ్యా అంటే దానికీ సమాధానం సిద్ధం. మీ సాక్ష్యం చూశాకే పరీక్ష మొదలుపెట్టాం, పరీక్షకు ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది, మేమేం చేసేది అని. మేం బదులు పరీక్ష చేయించుకోవాలన్నా అదే ఇరవై ఎనిమిది రోజులు కావాలి. మాకు మిగిలినవి మూడు.

మా అమ్మ పోయాక పదకొండో ఏట నేను అక్క వెంట బావ ఇంటికి చేరాను. నా చేతికి తక్కెడ ఇచ్చి, ముందు సున్నా చూసుకోవే, తర్వాత తూచు అని నేర్పింది మా బావే. ఆ సున్నా పుణ్యాన మందుల తనిఖీ శాఖలో పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. పై అధికారులతో పడక బయటికొచ్చి, ఇప్పుడు సొంతంగా ఆరాలు తీసి బతుకుతున్నాను. నలభై ఏళ్ల సర్వీసులో ఒక్క మాట పడని మా బావను శుక్రవారం బోనెక్కించి, అందరి ముందూ దొంగను చేస్తారన్నమాట. అక్క గురువారం పొద్దున్నే ఫోను చేసింది. బావ రెండు రోజులుగా సరిగా తినడం లేదని, రాసిన కాగితాలే తిరగేస్తూ కూర్చుంటున్నాడని చెప్పి, నువ్వేదో ఒకటి తేల్చకుండా రాకు అంది. తేల్చే వస్తానన్నాను.

వకీలమ్మ బుధవారం జడ్జిగారి దగ్గర పోట్లాడి ఒక ఆర్డరు తెచ్చింది. ఆ పరీక్ష చేసిన, ఎవరు డబ్బిచ్చినా పరీక్షలు చేసిపెట్టే అద్దె ల్యాబులో గురువారం పది నుంచి ఒంటిగంట దాకా నేను తనిఖీ చేసుకోవచ్చు. ఈ పరీక్షతో సంబంధం ఉన్న ఏ కాగితం అడిగినా చూపించాలి. చూసినవాటికి నంబర్లు వేసి జాబితా రాసి, రెండు పక్షాలూ సంతకాలు పెట్టి, సాయంత్రం ఐదులోపు కోర్టుకు ఇవ్వాలి. కొత్త సాక్ష్యాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది శుక్రవారం పొద్దున జడ్జిగారు తేలుస్తారు.

పదింటికి ఐదు నిమిషాల ముందే ల్యాబు గుమ్మంలో ఇస్త్రీ కనబడ్డాడు. ఒకప్పుడు తనిఖీ శాఖలో నా పై అధికారి. చొక్కా మీద మడత పడనివ్వడు కనుక మేమంతా చాటుగా పెట్టుకున్న పేరు అది. నేను రాసిన రిపోర్టులు మూడు ఆయన సొరుగులోనే చచ్చిపోయాయి. రిటైరయ్యాక కంపెనీవాళ్ల తరఫున ఇలాంటి పనులు చూస్తున్నాడు. నన్ను చూసి, ఇంకా ఆ కోపం తగ్గలేదా అమ్మా అని పలకరించాడు. మీరు తగ్గనిస్తే కదా సార్ అన్నాను.

పొడుగాటి గది. గోడ వారగా బీరువాలంత ఎత్తున నాలుగు తేమ పెట్టెలు గుర్రుమంటున్నాయి. లోపల ఎంత వేడి, ఎంత తేమ ఉండాలో అమర్చి మాత్రలు పెడతారు. వారానికోసారి కొన్ని తీసి తూస్తారు. తడి పీల్చుకున్న మాత్ర బరువు పెరుగుతుంది. తూచే మనిషి తూకాల బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై దాటిన బక్కపల్చటి మనిషి. రిపోర్టులో ప్రతి పేజీ కిందా ఆయన సంతకమే ఉంది.

ఆయన్ని కూర్చోబెట్టి తేదీలన్నీ అడిగాను. మాత్రలు ఎప్పుడు లోపల పెట్టారు, ఏ పెట్టెలో పెట్టారు, ఎప్పుడెప్పుడు తీశారు. పోయిన నెల ఆరున పెట్టాం, మూడో నంబరు పెట్టెలో, పదమూడు, ఇరవై, ఇరవై ఏడు, ఈ నెల నాలుగు తేదీల్లో తీశాం అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఇరవయ్యో తేదీన ఎన్నింటికి తీశారంటే పదకొండూ పదికి అన్నాడు. రిపోర్టులోనూ అదే ఉంది. నా వంక చూడకుండా తక్కెడ వంక చూస్తూ చెప్పాడు. ఇస్త్రీ వెనక నిలబడి ఉంటే ఎవరైనా అలాగే చూస్తారులే అనుకున్నాను.

తర్వాత మూడో పెట్టె దగ్గరికెళ్లాను. తలుపు మీద చేతి ఎత్తున ఒక ఆకుపచ్చ స్టిక్కరు ఉంది. ఒకసారి చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.

ఇలాంటి పెట్టెలకు ఏడాదికోసారి ఒక పరీక్ష ఉంటుంది. తేమ మూలమూలకీ సమానంగా ఉందో లేదో చూడ్డానికి బయటి ఇంజనీర్లు వచ్చి, పెట్టెను పూర్తిగా ఖాళీ చేయించి, తొమ్మిది చోట్ల తీగలు అమర్చి, తలుపుకు సీలు వేసి మూడు రోజులు వదిలేస్తారు. ఆ మూడు రోజులూ లోపల ఒక్క మాత్ర కూడా ఉండకూడదు. పని అయ్యాక తేదీలు వేసి స్టిక్కరు అంటిస్తారు. మూడో పెట్టె మీది తేదీలు పోయిన నెల పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి.

ఇస్త్రీని పిలిచి, ఇరవయ్యో తేదీ పదకొండూ పదికి ఈ తలుపుకు సీలుందే, మాత్రలు ఎలా తీశారు సార్ అని అడిగాను. రెప్ప కూడా వేయలేదు మహానుభావుడు. ఆ మూడు రోజులూ రెండో పెట్టెలోకి మార్చాం, అది రిపోర్టులో రాయడం మరిచారు, చిన్న పొరపాటు అన్నాడు. అరవై పేజీల్లో గుమాస్తా చిరునామాతో సహా రాసినవాళ్లకు ఇది చిన్న పొరపాటట.

సరే, రెండో పెట్టె చార్టు తెప్పించండి అన్నాను. ప్రతి పెట్టెకూ పక్కనే గుండ్రటి కాగితం తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక పెన్ను వారమంతా గీస్తూనే ఉంటుంది. తలుపు తీశామంటే లోపలి తేమ బయటికి పోతుంది, గీత కిందికి జారుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ రాయక్కర్లేదు. పద్దెనిమిదిన మాత్రలు లోపల పెట్టడానికి ఒకసారి, ఇరవైన తీయడానికి ఒకసారి, ఇరవై ఒకటిన మళ్లీ మార్చడానికి ఒకసారి గీత జారాలి. చార్టు వచ్చింది. పదిహేడు నుంచి ఇరవై ఒకటి దాకా గీత గీసినట్టే ఉంది, ఒక్క చోటా జారలేదు. ఇరవై రెండున మాత్రం జారింది.

ఇస్త్రీ ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పెన్ను ఇరుక్కుని ఉంటుందన్నాడు.

"ఇరుక్కున్న పెన్ను, మీ పని అయిపోయాక ఇరవై రెండున తనంతట తనే లేచిందా సార్?" అన్నాను. "మీ దగ్గర పద్దెనిమిదేళ్లు చేశాను. నా చెవిలో పువ్వులు పెట్టడం మానేయండి."

ఆయన జేబులోంచి ఫోను తీసి వరండాలోకి వెళ్లాడు. అప్పటికి పదకొండున్నర. చార్టుకు ఏడో నంబరు వేసి జాబితాలో రాసుకున్నాను. లోపల గంతులేస్తున్నాను, ఒప్పుకుంటాను.

కానీ ఒక్కటి మింగుడు పడలేదు. పరీక్షే చేయకపోతే ఆ అంకెలు ఎక్కడివి? రిపోర్టు తీసి తూకాల పట్టీ మళ్లీ చదివాను. కల్పించి రాసేవాడి అంకెలు పొందిగ్గా ఉంటాయి, మెట్లెక్కినట్టు వరుసగా పెరుగుతాయి. ఇవి అలా లేవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. పద్నాలుగో మాత్ర పక్కన, అంచు విరిగింది, లెక్కలోంచి తీసేశాను అని రాసుంది. విరిగిన అంచును కూర్చుని కల్పించే ఓపిక ఎవడికీ ఉండదు. ఇవి నిజంగా తూచిన బరువులే.

తూకాల బల్ల దగ్గరికి వెళ్లి స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. స్టిక్కరు సంగతి, చార్టు సంగతి చెప్పాను. రేపు కోర్టులో ఈ రిపోర్టు పడిపోతే అడిగేది కంపెనీని కాదు, సంతకం పెట్టినవాణ్ణి అని కూడా చెప్పాను. భయపెట్టడానికి కాదు, నిజం అదే కనుక. ఆయన తక్కెడ పళ్లేన్ని గుడ్డతో తుడిచాడు, దాంట్లో తుడవడానికి ఏమీ లేదు.

"అంకెలు నావేనమ్మా," అన్నాడు చివరికి. "ఒక్కో మాత్రా ఈ చేత్తోనే తూచాను. తేదీలే నావి కావు."

"ఎప్పుడు తూచారు?"

"రెండేళ్లు దాటింది. పోయిన వారం పాత పట్టీ ఇచ్చి, కొత్త తేదీలతో తిరగరాసి సంతకం పెట్టమన్నారు. తేదీలు మార్చాను. పెట్టె నంబరూ, టైములూ మార్చాలని నాకు తోచలేదు, వాళ్లూ చెప్పలేదు. మూడో పెట్టె ఆ రోజుల్లో సీల్లో ఉందన్న సంగతే గుర్తులేదు."

రెండేళ్లు. అంటే దావా వేయకముందే ఈ ఫలితం వాళ్ల జేబులో ఉంది. మా బావ సాక్ష్యం చూశాక మొదలుపెట్టారట. ఇరవై ఎనిమిది రోజులు పట్టిందట. రెండేళ్లు దాచుకుని, మాకు జవాబు చెప్పుకునే వ్యవధి లేకుండా చూసి, తేదీలు దిద్ది ఆఖరి పది నిమిషాల్లో పడేశారు. సిగ్గులేని జాతి. ఆ మాటలన్నీ రాసి తూకాలాయన చేత సంతకం పెట్టించాను. అది తొమ్మిదో నంబరు.

ఇస్త్రీ పన్నెండూ ముప్పై ఐదుకు తిరిగొచ్చాడు. ఈసారి నవ్వు లేదు. తూకాలాయన్ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

"ఈ రిప్లై ఎవిడెన్సు వెనక్కి తీసేసుకుంటాం," అన్నాడు. "ఇప్పుడే, రాతపూర్వకంగా. రేపు ఇది కోర్టులో ఉండదు. మీ బావగారి సాక్ష్యం అలాగే నిలబడుతుంది. నువ్వు తనిఖీ ఇక్కడితో ముగించు, జాబితా చింపేయ్. నువ్వు గెలిచావమ్మా, వెళ్లిపో."

ఆ నిమిషంలో నేను వెళ్లిపోవాల్సింది. వకీలమ్మకు ఒక్క ఫోను చేసి అడిగినా అదే చెప్పేదేమో. కానీ నాకు కనిపించింది ఒక్కటే. మంగళవారం మా బావను అబద్ధాలకోరని కోర్టు ముద్రతో సహా అచ్చేశారు, గురువారం మధ్యాహ్నానికి అబ్బే ఏం లేదులే అని తుడిచేసుకుపోతారట. నాలుగు ప్రతులు చదివినవాళ్ల బుర్రల్లోంచి ఎవరు తుడుస్తారు? మూడు రిపోర్టులు సొరుగులో వేసి తాళం పెట్టిన మనిషి నన్ను నాలుగోది కూడా ఇచ్చేయమంటున్నాడు.

కుదరదన్నాను. ఆర్డరులో ఈ పరీక్షతో సంబంధం ఉన్న ఏ కాగితమైనా అని ఉంది, రెండేళ్ల కిందటి అసలు ఫైలు నా ముందు పెట్టండి అన్నాను.

"ఇక్కడితో ఆగు. నీ మంచికే చెబుతున్నాను."

"నా మంచి మీరు చూడ్డం మొదలుపెట్టినప్పుడల్లా నాకు బదిలీ అయింది సార్. ఫైలు తెప్పించండి. లేదంటే ఇవ్వలేదని రాసి జడ్జిగారికి పంపుతాను."

నీ ఇష్టం అని ఆయన తలుపు తీశాడు. రికార్డు గదికి తూకాలాయనే వెళ్లాడు. పన్నెండూ యాభైకి గోధుమరంగు అట్ట ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. పెట్టి, చెయ్యి దాని మీంచి వెంటనే తీయలేదు.

"ఇది ఆ కంపెనీవాళ్లు పంపిన పని కాదమ్మా," అన్నాడు మెల్లిగా. "వాళ్లు తర్వాత మా ల్యాబు పెద్దసారు దగ్గర పట్టుకెళ్లారు."

మొదటి కాగితం పరీక్ష కోరుతూ ఇచ్చిన చీటీ. పంపినవారు అన్నచోట మా బావ పనిచేసే ఫ్యాక్టరీ పేరుంది. విధానం అన్నచోట ఆ ఇరవై ఏళ్ల కిందటి పత్రిక, పేజీ నంబరుతో సహా. దాని కింద తూకాల పట్టీ, పద్నాలుగో మాత్ర, విరిగిన అంచు. రెండో వారానికి ఉబ్బినవి. పేజీ తిప్పాను. మూడు నెలల తర్వాత ఇంకో చీటీ, అదే విధానం. అవీ ఉబ్బాయి. రెండింటి అడుగునా, ఫలితం అందింది అన్న మాట కింద సంతకం. చిన్నప్పుడు నా ప్రోగ్రెసు కార్డు మీద పెట్టిన సంతకం అది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు కళ్లద్దాలు అక్కర్లేదు.

ఎప్పుడు చేసినా ఇదే ఫలితం అని ప్రమాణం చేసి రాసిచ్చిన మనిషి సంతకం.

ఇస్త్రీ నా వెనకే ఉన్నాడు. ఫైలు బయటపడితే ఒకరి రహస్య ఫలితాలు ఇంకొకరికి అమ్ముకున్న ల్యాబూ మునుగుతుంది, తేదీలు దిద్దించిన కంపెనీ మునుగుతుంది. అందుకే వెనక్కి తీసుకుంటానన్నాడు. దాంతోపాటు మా బావ కూడా మునుగుతాడని ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ఈ ఒక్క కాగితం వదిలేయొచ్చు కదా అని నాకు అనిపించలేదని చెబితే అది శుద్ధ అబద్ధం. అనిపించింది. ఒంటిగంటకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. నలుగురి పొట్ట కొట్టే దొంగల సంతకాల మీద పద్దెనిమిదేళ్లు ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టినదాన్ని, ఇంటి మనిషి సంతకం వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆగిన చేతిని చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. పదకొండో నంబరు వేసి రాశాను. సంతకం పెట్టాను. ఇస్త్రీ కూడా పెట్టాడు.

రెండింటికి వకీలమ్మ ఆఫీసుకు వెళ్లేసరికి బావ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. జాబితా బల్ల మీద పెట్టాను. వకీలమ్మ ఏడో నంబరు దగ్గర నవ్వింది, తొమ్మిదో నంబరు దగ్గర బల్ల మీద చరిచింది, పదకొండో నంబరు చదివి కళ్లజోడు తీసి కింద పెట్టింది. అప్పటికే బావ మళ్లీ కూర్చున్నాడు.

"పత్రికలో పూత పొడిని ఎంతసేపు ఆరబెట్టాలో రాయలేదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "రెండుసార్లు ఉబ్బాయి. మూడోసారి ఫ్యాక్టరీలో నేనే రెట్టింపు సేపు ఆరబెట్టాను. నిలబడ్డాయి. ఆ నిలబడ్డది నిజమే."

"అదే రాయొచ్చు కదా బావా."

"రాస్తే ఇది పాత విధానం కాదు, నువ్వు కొత్తగా కనిపెట్టావు అంటారు. వాళ్ల పేటెంటు నిలబడుతుంది, కేసు పోతుంది. ఫ్యాక్టరీ మూతపడుతుంది. ఒక్క మాటే కదా అనుకున్నాను."

మూడు రోజులుగా నేను ఎవరెవరిని తిట్టానో అన్నీ గుర్తొచ్చాయి. ఆ తిట్లలో ఒక్కటీ వెనక్కి తీసుకోను, వాళ్లు వాటికి తగినవాళ్లే. కానీ ఇప్పుడు అదే కోపం ఈ మనిషి మీద కూడా వచ్చింది, నాకు సున్నా చూడటం నేర్పిన మనిషి మీద, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నన్ను ఎందుకు వెళ్లనిచ్చావు, నిన్ను కాపాడతానని ఊరంతా తిరుగుతుంటే నోరు మూసుకుని ఎలా కూర్చున్నావు అని అడిగేశాను. అరిచాననే అనుకుంటాను. వాళ్లకు ఆ అంకెలు ఎలా దొరికాయో తేలుస్తావనుకున్నాను, అది మాత్రమే తేలుతుందనుకున్నాను అన్నాడు.

వకీలమ్మ లేచి తలుపు వేసింది. ఇంత తెలిసి రేపు ఈయన్ని బోనెక్కించలేనని, ఈయన తన సాక్ష్యాన్ని తనే సరిదిద్దుతూ మళ్లీ ప్రమాణం చేసి రాసివ్వాలని చెప్పింది. సాక్ష్యాలకు మా గడువు పోయి నెల దాటింది. గడువు దాటిన సాక్ష్యం ఒప్పుకోవద్దని బుధవారం ఆవిడే జడ్జిగారి ముందు గంటసేపు వాదించింది. రేపు పదిన్నరకు అదే జడ్జిగారి ముందు నిలబడి, మాది మాత్రం ఒప్పుకోమని అడగాలి. ఒప్పుకుంటారో లేదో ఆవిడకే తెలియదు. ఒప్పుకున్నా, కోర్టులో బావను అబద్ధాలకోరు అనేది ఇక కంపెనీ కాదు. తన గురించి తనే రాసుకోవాలి.

ఆవిడ తెల్ల కాగితాలు ఆయన ముందు పెట్టింది. బావ కలం మూత తీశాడు. అప్పుడే నా ఫోను మోగింది. అక్క.

బావ తిన్నాడా అని అడిగింది ముందు. తర్వాత, ఏమైనా తేలిందా అంది. తేలిందక్కా, ఆ రిపోర్టులో తేదీలు దొంగవని పట్టుకున్నాను అన్నాను. అక్క ఏడుస్తోందని ఊపిరిని బట్టి తెలిసింది.

"నాకు తెలుసే," అంది. "నలభై ఏళ్లుగా చూస్తున్నాను కదా, ఆయన నోట అబద్ధం రాదు. ఒక్కసారి ఆయనకివ్వు, నేనే చెప్తాను."

బావ రాయడం ఆపి నా వంక చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పొద్దున ఏదో ఒకటి తేల్చే వస్తానని అక్కకు మాటిచ్చింది నేను. కానీ ఈ మాట నా నోటితో చెప్పను.

ఫోను ఆయన చేతిలో పెట్టి, వకీలమ్మతో పాటు గది బయటికి వచ్చేశాను.